పాల్ రాజ్ పంతులుగారి రాతపెట్టె

సోమవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు పెట్టె ఒకసారి టక్కుమంది. జీవరాజు గోడ గడియారం చూసి, నోటుబుక్కు తీసి, వేళ రాసి, గాలిలో తేమ ఎంతుందో చూసి అదీ రాసేలోపే లోపలి గదిలోంచి అక్క సాయవ్వ గొంతు వినిపించింది.

"తమ్మీ, బేస్తారం దవాఖానకు వస్తలేనని డాక్టరుకు ఫోన్ జెయ్యి."

గురువారం ఆమె ఎడమకంటికి శుక్లం ఆపరేషన్. శుక్లం బాగా ముదిరిందనీ, ఇంకా ఆలస్యం చేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి చూపు మొత్తానికే పోతుందనీ నిజామాబాద్ డాక్టరు రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లు చెప్పడానికి కారణం ఉంది. రెండేళ్ల కింద కుడికంటికి కూడా ఇలాగే తేదీ ఇచ్చారు. అప్పుడూ ముందురోజు పెట్టె చప్పుడు చేసింది. సాయవ్వ వెళ్లలేదు. చనిపోనూ లేదు. పెట్టె మాట విన్నందువల్లనే బతికానని ఆమె నమ్మకం. కుడికన్ను మాత్రం పోయింది.

అది జిట్రేగి చెక్కతో చేసిన రాతపెట్టె. మూరెడు పొడవు, మూలలకు ఇత్తడి రేకులు. మూత తెరిచి పరిస్తే ఆకుపచ్చ బనాతు అతికించిన వాలుబల్ల అవుతుంది. పైభాగంలో సిరాబుడ్డికి గుంట, కలాలకు పళ్లెం, వాటి కింద కాగితాలు పెట్టుకునే అర. వెనకటికి మిషన్ దొరసాని ఒకావిడ తన దేశం వెళ్లిపోతూ దాన్ని వీళ్ల నాన్నకు ఇచ్చింది. ఆయన పాల్ రాజ్ పంతులు, మెథడిస్టు సంఘంలో సువార్తికుడు. పెట్టెను ఎడ్లబండి మీద పెట్టుకుని బోధన్ నుంచి నవీపేట్ దాకా ఊరూరా తిరిగేవాడు. బాప్తిస్మాల పుస్తకం దాని మీదే రాసేవాడు. కల్లుకు, పొగాకుకు, జాతకాలకు ఆయన ఆజన్మ విరోధి అని సంఘంలో పేరు.

పెట్టె చప్పుడు చేయడం ఆయన ఉన్నప్పుడే మొదలైంది. ఇదేమి చప్పుడని భార్య అడిగితే, "ఎవరికో పైనుంచి పిలుపొచ్చింది" అన్నాడట. ఆ వారంలోనే పక్కింటి ముసలమ్మ పోయింది. అప్పటి నుంచి ఆయనా, ఆయన తర్వాత అందులో బైబిలు పెట్టుకునే సాయవ్వా తప్ప ఇంట్లో ఎవరూ ఆ పెట్టె జోలికి పోలేదు. 1970 వేసవిలో ఒక మధ్యాహ్నం, జబ్బుచేసి మంచం పట్టిన తండ్రి గది గడప దగ్గర పదిహేనేళ్ల జీవరాజు ఆ చప్పుడు తన చెవులతో విన్నాడు. మర్నాడు తండ్రి పోయాడు.

ఆ జీవరాజే తర్వాత ముప్పై నాలుగేళ్లు బడిలో భౌతికశాస్త్రం చెప్పాడు. పదవీ విరమణ అయ్యాక ఊళ్లు తిరిగి, నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించి, అది ఎందుకు కాల్చదో విడమరిచి చెప్పేవాడు. కుడికన్ను పోయిన నాటి నుంచి పెట్టె చేసే ప్రతి చప్పుడునూ నమోదు చేస్తున్నాడు. నోటుబుక్కులో గడులు నాలుగు: తేదీ, వేళ, తేమ, కారణం. మొదటి వరుసలో 1970 నాటి చప్పుడు ఉంది. దాని కారణం గడి ఖాళీగా ఉంది.

ఆ పుస్తకం పట్టుకుని అక్క గదిలోకి వెళ్లాడు.

"అక్కా, నీ కన్ను పోయిన కాన్నుంచి నలభై ఒక్కసారి చప్పుడైంది. మనకు తెలిసినోళ్లు మూడు దినాలల్ల పోయింది నాలుగు సార్లే."

"అయితే తక్కిన ముప్పై ఏడు మంది మనకు తెల్వనోళ్లు," అంది సాయవ్వ. "లోకంల మనకు తెలిసినోళ్లే సస్తరా?"

జీవరాజు ఈ వాదంలో దోషం కోసం వెతికాడు. గణితపరంగా ఏమీ దొరకలేదు.

నిజానికి అతని దగ్గర ఇంకో చిక్కు ఉంది. మొదట ఇంటి ముందు నుంచి పోయే చెరుకు ట్రాక్టర్ల అదురును అనుమానించి, ఒక సీజన్ అంతా వాటిని లెక్కపెట్టాడు. సంబంధం లేదని తేలింది. గాలి పొడిబారితే చప్పుడు ఎక్కువవుతుందని మాత్రం తెలిసింది. కానీ నలభై ఒక్కటిలో ముప్పై మూడు ఆదివారానికీ మంగళవారానికీ మధ్యనే వచ్చాయి. చెక్కకు వారాలు ఎలా తెలుస్తాయో అర్థంకాక అక్కడ ఒక ప్రశ్నార్థకం పెట్టాడు.

"ఒక్కసారి పెట్టె తెరిచి సూడనియ్యి."

"తెరవనియ్య." తాళంచెవి ఆమె మెడలో సిలువతో పాటు నల్లదారానికి ఉంది. "దేవుణ్ణి నమ్మనోని చెయ్యి బైబిలు పెట్టెల పడొద్దు."

"నాది వద్దు. గులాం తెరుస్తడు. నిజామాబాద్‌ల పాత సందూకులు బాగుజేస్తడు."

"నమాజు జేస్తడా?"

"ఐదు పూటలు."

సాయవ్వ ఆలోచించింది. "అయితే సరే. వానికి దేవుడున్నడు. కని నేను గూడ వస్త. పెట్టెల ఏ తప్పు లేదని గులాం అంటే, మల్ల ఈ ఇంట్ల ఆపరేషన్ ముచ్చట ఎత్తద్దు."

ఒక్క పరీక్ష మీద ఇంత పందెం కాయకూడదని జీవరాజు పిల్లలకు ఏటా చెప్పేవాడు. సరేనన్నాడు.

బుధవారం పొద్దున బస్సు పసుపు బస్తాల బండ్ల వెనుక చిక్కుకుని మెల్లగా నడిచింది. పెట్టె జీవరాజు ఒళ్లో ఉంది. దాని మీద సాయవ్వ చెయ్యి ఉంది. కండక్టరు వచ్చి, అందులో ఏమున్నదని అడిగాడు.

"సావు," అంది సాయవ్వ.

కండక్టరు ఇద్దరికే టికెట్ కొట్టి, పెట్టె సంగతి ఎత్తకుండా ముందుకు పోయాడు.

గులాం దుకాణమంతా సందూకులే. అద్దాలు తాపిన పెళ్లి సందూకు, ఇత్తడి పూల పట్టీలు కొట్టినది, కాళ్లకు చక్రాలున్న భోషాణం, మూత మీద నెమలి చెక్కినది. నెమలికి ముక్కు లేదు. గులాం దానికి కొత్త ముక్కు పెడుతున్నాడు. అరవై దాటిన మనిషి. రాతపెట్టెను చూడగానే ఉలి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చాడు. ఆ చేతులు కడుక్కోవడం చప్పుడును బట్టి గ్రహించి, సాయవ్వ అతనికి తాళంచెవి ఇచ్చింది. బైబిలు మాత్రం తనే తీసి ఒళ్లో పెట్టుకుంది.

గులాం కాగితాల అరలోకి వేలు పోనిచ్చి, గోడలన్నీ తట్టి చూశాడు. "అక్కా, ఈ నిలువు చెక్క జర వదులున్నది."

"అది మొదటి సంది గంతే. ఊసి ముందటికొస్తది. అయితారం బైబిలు దీసినప్పుడు బొటనేలుతోని ఒత్తుత, లోపటికి పోతది. గుంజద్దు, ఒత్తాలె అని బాపు జెప్పిండు."

జీవరాజు నోటుబుక్కులోని ప్రశ్నార్థకం వైపు చూశాడు. "ప్రతి అయితారం ఒత్తుతవా? యాభై ఏండ్ల సంది? నాకెందుకు జెప్పలేదక్కా?"

"నువ్వు నన్ను అడిగినవా? చెరుకు ట్రాక్టర్లను అడిగినవు."

గులాం నవ్వు ఆపుకుని, జీవరాజును ముక్కులేని నెమలి వెనక్కి పిలిచాడు. గొంతు తగ్గించాడు. "సార్, ఆ చెక్క ఎన్క స్ప్రింగు కమాను ఉన్నది. పట్టుకునే కొక్కెం అరిగిపోయింది. ఒత్తితే పడుతది, ఎండకు చెక్క గుంజుకున్నదంటే జారి, చెక్క ఎగిరి ఎదురుదానికి కొడుతది. గంతే. కని ఈ ముచ్చట చెప్తే అక్క నమ్మదు. నేను రెండుసార్లు చప్పుడు జేపిస్త. ఒకటంటే సావు, రెండంటే ఆపరేషన్‌కు పొమ్మని మీరు చెప్పుండ్రి. ఖతం."

జీవరాజుకు పన్నెండు మాయలు తెలుసు. వాటిలో గుట్టు విప్పకుండా ముగించినది ఒక్కటీ లేదు. అక్క బెంచీ మీద కూర్చుని, ఉన్న ఒక్క కంటిని వాళ్లున్న దిక్కుకు తిప్పింది. ఆ కంటికి వాళ్లు కనిపించడం లేదు. నెమలి దిక్కే చూస్తోంది. రెండు చప్పుళ్లు చాలు. రేపటి తేదీ నిలబడుతుంది. అతను ఆలోచించినంత సేపు ఆలోచించదగిన విషయం కాదది, అయినా ఆలోచించాడు.

"వద్దు గులాం భాయ్," అన్నాడు చివరికి. "రేపు చూపొచ్చినంక నా మొఖమే సూడాలె గద."

వెళ్లి అక్క చెయ్యి పట్టుకుని, బొటనవేలు చెక్క మీద పెట్టించాడు. ఆమె ఒత్తింది. గులాం లోపల కొక్కెం జార్చాడు. టక్. మళ్లీ ఒత్తింది. టక్.

సాయవ్వ బొటనవేలిని మూడోసారి ఆ చెక్క మీదికి తేబోయి వెనక్కి తీసుకుంది.

"అంటే నేనేనా?" అంది. "నలభై మందిని నేనే సంపిన్నా?"

"ఎవ్వల్ని సంపలేదక్కా. నువ్వు ఒత్తినవు, ఎండకు ఊసింది."

"ఒత్తింది నేను. ఎండను పంపింది ఎవరు?"

జీవరాజుకు ఋతువులు ఏర్పడే తీరు తెలుసు. భూమి అక్షపు వాలు దగ్గర మొదలుపెట్టి చెప్పాలి. ఆపరేషన్ రేపు పొద్దున తొమ్మిదికి.

ఇంతలో గులాం చెక్కను పూర్తిగా ఊడదీశాడు. "పాత డెస్కుల దొంగ అర పెట్టకుంటే చేసినోడు పనోడే గాదు సార్," అంటూ దాని వెనుక నుంచి అగ్గిపెట్టెలంత సొరుగులు రెండు లాగాడు. ఒకటి ఖాళీ. రెండోదాంట్లో నిజంగానే ఒక అగ్గిపెట్టె, దాని పక్కన ఏడు బీడీలు ఉన్నాయి.

ఎవరూ ఏమీ అనకముందే సాయవ్వ తల ఎత్తి వాసన చూసింది. "బీడీ యాడిది?"

జీవరాజు ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. సాయవ్వ పదహారేళ్ల వయసు నుంచి నలభై ఏళ్లకు పైగా బీడీలు చుట్టిన మనిషి. చుట్టడం పని, తాగడం పాపం అని అప్పట్లో తండ్రి తీర్పు చెప్పాడు. కార్ఖానావాళ్లు బాగా లేవని తీసి పారేసినవి ఆమె ఇంటికి తెస్తే, పొయ్యిలో వేస్తానని ఆయనే తీసుకునేవాడు.

ఆమె వేళ్లు బీడీ తలను తడిమాయి. అక్కడ ఆగాయి. అందరూ కుడిచేత్తో మడిచే తలను ఆమె ఎడమచేత్తో, తిరగవేసి మడిచేది. ఆ మడతకే కార్ఖానాలో తిట్లు తిన్నది.

"దారం ఏం రంగున్నది?"

"ఎర్రది."

"బాపు పోయిన ఏడు ఒక్క ఏడే మాకు ఎర్రదారం ఇచ్చిండ్రు." బీడీని పిడికిట్లో మూసింది. "నువ్వు చెప్తే నమ్మ. నన్ను ఆపరేషన్ బల్ల మీదికి ఎక్కియ్యనీకి నువ్వు ఏ రంగైనా చెప్తవు."

"గులాం భాయిని అడుగు."

"ఆయన నీ దోస్తు. ఇందాక నెమలి ఎన్క ఏం గుసగుసలు వెట్టిండ్రో నాకు తెల్వదా?" బీడీని చేతిరుమాల్లో పెట్టి గులాం చేత నాలుగు ముళ్లు వేయించింది, తమ్ముడు రాత్రికి రాత్రి దారం మార్చకుండా. "నా కండ్లతోని చూస్తెనే నమ్ముత. రేపు ఎన్ని గంటలకు రమ్మన్నడు?"

జీవరాజు పదేళ్లుగా ఊరూరా చెబుతున్నది సరిగ్గా ఈ మాటే. ప్రయోగపు ఏర్పాట్లలో అతనికి లోపం కూడా కనబడలేదు. అయినా ఉండబట్టలేక అడిగాడు. "మరి సోమవారం చప్పుడైంది గదక్కా?"

"సచ్చేదే ఉంటే గుడ్డిగనే సస్తనా? చూసి సస్త."

గురువారం ఆపరేషన్ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. శుక్రవారం పొద్దున డాక్టరు కట్టు విప్పి, వేళ్లు చూపించాడు.

"ఎన్నమ్మా?"

"మూడు. జర ఆగు బిడ్డా," అని సాయవ్వ కొంగులోంచి రుమాలు తీసి, ముళ్లు లెక్కపెట్టుకుని విప్పింది. బీడీని కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది. డాక్టరు ఏదో అనబోయి జీవరాజు వైపు చూశాడు. జీవరాజు చెయ్యెత్తి ఆగమన్నాడు.

"ఎర్రదే," అంది సాయవ్వ. "మడత నాదే."

బీడీని తిప్పి తిప్పి చూసింది. తర్వాత తమ్ముడి మొఖం చూసింది. దాన్ని చూడక ఆరు నెలలైంది.

"బాపు పోయే ముందటి దినం గడపల నిలబడి నువ్వు చప్పుడు విన్నవు గద."

"విన్న."

"ఎవ్వల్నీ పిలిచింది గాదు. ఆ చెక్క ఆయనే తీసిండు." ఆమె గొంతులో కోపం ఉంది. "ఊపిరాడక సస్తున్నోడు, నేను చుట్టిన బీడీ కోసం లేసిండు, ముసలోడు."

జీవరాజు బుధవారం నుంచి ఆ సంగతి అనుకుంటూనే ఉన్నాడు. తను చెప్పదలచుకోలేదు. ఇంటికి వచ్చాక నోటుబుక్కు మొదటి పేజీ తెరిచి, యాభై ఏళ్లు దాటిన ఆ చప్పుడు పక్కనున్న ఖాళీ గడిలో ‘బీడీ’ అని రాశాడు.

కొక్కెం కొత్తది వేస్తానని గులాం రెండుసార్లు ఫోన్ చేశాడు. సాయవ్వ వద్దంది. ఆదివారం ప్రార్థన అయ్యాక పెట్టె తెరిచి, ఎనిమిది నెలల తర్వాత తన కంటితో తనే రెండు వచనాలు చదువుకుని, ముందుకొచ్చిన చెక్కను బొటనవేలితో ఒత్తింది. వెనుక సొరుగులో తక్కిన బీడీలు ఆరూ అలాగే ఉన్నాయి. చెక్క ఒత్తే ముందే రుమాల్లోదాన్నీ వాటి పక్కన తిరిగి పెట్టేసింది.

సోమవారం మధ్యాహ్నం పెట్టె టక్కుమంది. జీవరాజు గడియారం చూసి నోటుబుక్కు తీశాడు. వంటింట్లోంచి గొంతు వినిపించింది.

"తమ్మీ, బాపుకు బీడీ యాదికొచ్చినట్టున్నది."

జీవరాజు కారణం గడిలో ‘తేమ ముప్పై ఒక్క శాతం’ అని రాశాడు. ఆమె అన్నది రాయలేదు. గడి చిన్నది.