పట్టాల కింద కంకర

"రుచి చూసి వెయ్యండి అత్తయ్యా!"

అంత గట్టిగా అంటానని సౌభాగ్యే అనుకోలేదు. పొయ్యి మీది చారులో అప్పయమ్మ అప్పటికే చిటికెడు ఉప్పు వేసేసింది. పదిహేనేళ్లుగా కోడలు వండిన ప్రతి గిన్నెలోనూ వేస్తోంది, ఒక్క చుక్కైనా నాలిక మీద వేసుకోకుండానే.

"చిటికెడు ఉప్పుకి ఏటే ఈ గోల?" అంది అప్పయమ్మ.

"అమ్మ చెయ్యి పడితేనే దానికి రుచి. ఒగ్గీ సౌభాగ్యా," అని వరండాలోంచి నవ్వాడు గోవిందరావు.

ఆదివారం. కూతురు మైత్రి అతని పక్కనే ఇంగ్లీషు హోంవర్కు ముందేసుకుని కూర్చుంది. "అమ్మా, అండర్‌మైన్ అంటే?"

బి.ఏ. చదివిన అమ్మ నోరు తెరిచేలోపే, "అమ్మనేటి అడుగుతావు? డిక్షనరీ చూడు," అన్నాడు గోవిందరావు, ముద్దుగానే.

మైత్రి చూసింది. కింద తవ్వి బలహీనపరచు. అర్థం కాలేదు.

సౌభాగ్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "వానల్లో మీ లైను సంగతి చెప్పండి దానికి."

గోవిందరావు రైలు పట్టాల మేస్త్రీ. ఆ మాటెత్తితే చాలు, ముఖం వెలుగుతుంది. "పైకి పట్టా తిన్నగానే ఉంటాదమ్మా. దాన్ని మోసే స్లీపరు దిమ్మ కింద కంకర రోజుకింత జారిపోతాది. ఎవడూ తీసినట్టుండదు. బండి దాని మీదికొస్తే గానీ తెలీదు."

"అదేనే," అంది సౌభాగ్య. "విరగ్గొట్టడం కాదు. మనుషులకీ వాడతారు. ఒకరి ధైర్యాన్ని, నమ్మకాన్ని అలా చేశారంటారు."

చెబుతుంటే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. టీచరుగా చేరమని దగ్గర్లోని తోర్వా స్కూలు నుంచి ఉత్తరం వచ్చి వారమైంది. రేపే ఆఖరి రోజు. ఈ ఇంట్లో ఎవరూ వద్దనలేదు. "వెళ్దువులే, ఎండలు తగ్గనీ," అన్నాడు మొగుడు. "నీకేటి లోటే తల్లీ," అని అత్తగారు బుగ్గ నిమిరింది. అంతా ప్రేమే. నిన్న పక్క క్వార్టరు ఉషారాణి, చేరుతున్నావా అని అడిగితే, "నాకేం వచ్చులెండి," అనేసింది తను. ఆ మాట ఎవరూ నేర్పలేదు. ఎప్పుడు నేర్చుకుందో తెలియదు.

మధ్యాహ్నం అందరికీ వడ్డించి, రోజూలా నిలబడకుండా తనూ కంచం పెట్టుకుని కూర్చుంది.

"రేపు స్కూల్లో చేరుతున్నాను. ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు."

"అచ్ఛా! నీవల్ల అవుతాదా..." అనబోయిన గోవిందరావు, మైత్రి తనకేసే చూస్తుంటే ఆగిపోయాడు. కాసేపు అన్నం కలిపాడు. "ఎన్నింటికెళ్లాల?"

"ఏడున్నరకి. మైత్రికి జడ మీరే వెయ్యాలి అత్తయ్యా."

పెరుగుపచ్చడి మీదికి వెళ్లిన అప్పయమ్మ ఉప్పు చెయ్యి అక్కడే ఆగింది. ఆ చిటికెడూ మళ్లీ ఉప్పుగిన్నెలో రాల్చేసి, పచ్చడి కాస్త నాలిక మీద వేసుకుంది.

"సరిపోనాది," అంది.