నలభై ఒకటో అట్ట

కుళ్ళాయమ్మ అట్టను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, బొటనవేలిని ఒక్కో బెజ్జం మీదుగా జరుపుతూ లెక్కపెడుతోంది. పెదవులు కదులుతున్నాయి గానీ మాట వినబడదు. చివరి వరస ముగిశాక, పక్కనున్న నోటుబుక్కులో ఆ అట్టకు రాసిన అంకె చూసుకుంటుంది. అట్టను ఎడమపక్కన బోర్లించి ఇంకోటి అందుకుంటుంది.

ధర్మవరంలో గిరిధర్ షాపులో ఆమె పని అదే. చీర అంచుల డిజైన్లు కంప్యూటరులో గీసి, మగ్గానికి తగిలించే జకార్డు అట్టలుగా కొట్టి ఇచ్చే షాపు అది. అట్టలో బెజ్జం ఉన్నచోట పడుగు దారం లేస్తుంది, లేనిచోట లేవదు. హంస మెడ వంపు ఆ బెజ్జాల్లోనే ఉంటుంది. ఆమె పెనుకొండ నుంచి పొద్దున పాసింజరులో వచ్చి, తొమ్మిదికల్లా కిటికీ పక్కన పీట మీద కూర్చుంటుంది. యాభై ఆరేళ్ళ మనిషి. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటుంది. బొటనవేలి చివర చర్మం గట్టిపడి మెరుస్తుంటుంది.

అది రెండువేల ఐదు, జూన్ నెల. షాపుకు కొత్త కంప్యూటరు వచ్చి రెండు రోజులైంది. ఆరువందల పైచిలుకు డిజైన్లను గిరిధర్ పాత డిస్కు నుంచి దానిలోకి కాపీ చేశాడు. ఎక్కడా ఆగలేదు, ఏ తప్పూ చూపలేదు. ఇక సాయంత్రం పాత డిస్కును చెరిపేసి, పాత కంప్యూటరును తనకల్లులో టైపింగు షాపు పెట్టుకున్న స్నేహితుడికి పంపాలి. కొత్తదాని నుంచి కొట్టిన మొదటి డిజైను, తొంభై ఆరు అట్టల హంసల అంచు, ఇప్పుడు కుళ్ళాయమ్మ ఒళ్ళో ఉంది. దానికోసం చౌడక్క గడప మీద కూర్చుని ఉంది. ఆమె ఇంట్లో పెళ్ళిచీరకు పడుగు ఎక్కించిన మగ్గం అట్టల కోసం ఆగి ఉంది.

నలభై ఒకటో అట్ట దగ్గర బొటనవేలు ఆగింది. నూట పన్నెండు. పుస్తకంలో నూట పదమూడు.

ఏడాదిగా ఆమె కుడికంట్లో మంచు పట్టినట్టు ఉంటోంది. పోయిన నెల రెండుసార్లు తప్పుగా లెక్కపెట్టి, మంచి అట్టలను పక్కన పెట్టింది. ఆ రెండు రోజులూ ఆమెకు అన్నం సయించలేదు. ఇప్పుడూ తప్పు తనదే కావచ్చు. కళ్ళు మూసుకుని వేలితోనే మళ్ళీ లెక్కపెట్టింది. నూట పన్నెండే. మిగతా అట్టలూ చూసింది. యాభై ఏడో అట్టలో ఒక బెజ్జం ఎక్కువ.

"గిరీ, ఈ అట్టల్లో తేడా ఉండాదప్పా."

గిరిధర్ కంప్యూటరు దగ్గర్నుంచి లేవకుండానే అన్నాడు. "మొత్తం బెజ్జాలు పదివేల నాలుగువందల ఇరవై అని చూపిస్తాంది. నీ బుక్కులో ఎంతుండాది?"

"అంతే ఉండాది."

"మరింకేమక్కా? సరిపోయె కదా."

"ఒకటి ఈడ తగ్గి, ఒకటి ఆడ పెరిగింటే మొత్తం సరిపోదా ఏమి?"

గిరిధర్ గొంతు తగ్గించాడు. "కండ్లు మసకగా ఉండాయని నువ్వే చెప్తివి కదక్కా. చౌడక్క పొద్దున్నుంచి కూసోనుండాది."

కుళ్ళాయమ్మ ఆ రెండు అట్టలనూ వేరుగా పెట్టింది. కంప్యూటర్లు రాకముందు, భర్త పోయిన కొత్తలో, ఆమె ఇంట్లోనే ఉలితో అట్టలు కొట్టేది. తొంభై మూడులో నాగప్ప మగ్గానికి కొట్టిన అట్టల్లో ఒక బెజ్జం మరిచిపోయింది. చీర పొడవునా ప్రతి హంసకూ మెడ దగ్గర దారం తెగినట్టు పడింది. నాగప్ప కోప్పడలేదు. "పోనీలేమ్మా, చేత్తో చేసే పని కదా" అని వెళ్ళిపోయాడు. మూడోరోజు ఆమె ఆ వీధిన పోతుంటే, నాగప్ప భార్య యశోదమ్మ గుమ్మంలో కూర్చుని ఒక్కో హంస మెడనూ సూదితో కుడుతూ కనబడింది. ఆ రోజు నుంచే కుళ్ళాయమ్మ ప్రతి అట్ట అంచునా బెజ్జాల సంఖ్య రాయడం మొదలుపెట్టింది. కంప్యూటరు వచ్చాక పాత డిజైన్ల అంకెలన్నీ పుస్తకంలోకి ఎక్కించుకుంది.

"చౌడక్కా, ఇంకో గంట కూసుంటావా?"

"పొద్దున్నుంచి ఖాళీగానే ఉండాది మగ్గం. ఇంకో గంటకేమిలే" అంది చౌడక్క.

గిరిధర్ చెల్లెలు వీణ అనంతపురంలో కంప్యూటరు చదువు చదువుతోంది. సెలవులకు వచ్చి లోపల అట్టల కట్టలకు పేర్ల చీటీలు అతికిస్తోంది. కుళ్ళాయమ్మ నలభై ఒకటో అట్టను ఆమె చేతికిచ్చింది. "నేనెంచింది చెప్పను పాపా. నువ్వెంచి చెప్పు."

వీణ పెన్ను మొనతో రెండుసార్లు లెక్కపెట్టింది. "నూట పన్నెండత్తా."

అప్పుడు గిరిధర్ లేచి వచ్చాడు. వీణ పాత డిస్కులోని డిజైను తెరిచింది. నలభై ఒకటో అట్టలో నూట పదమూడు చుక్కలు. కొత్తదానిలో ఒకటి లేదు. రెండు డిస్కుల్లోని ఫైళ్ళన్నీ ఒకదానికొకటి పోల్చి చూసేసరికి మూడయింది. పద్నాలుగు డిజైన్లు మారిపోయాయి.

"కాపీ అయిందనె కదే! తప్పని ఒక్క మాటన్నా చెప్పలేదే!" గిరిధర్ తెర దగ్గరికి వంగాడు.

"దానికి తెలిస్తే కదన్నా చెప్పేది. ఇచ్చింది తీసుకోని డిస్కులో రాసేస్తాది. రాసింది అదేనా అని మళ్ళా చదివి చూసుకోదు. కొత్తదాంట్లో మెమరీ చిప్పు బాగలేనట్టుండాది. నడుమన చుక్క మారినా దానికి ఎరికే లేదు."

గిరిధర్ పాత డిస్కు మీద చెయ్యి పెట్టాడు. ఇంకో రెండు గంటలైతే దాన్ని చెరిపేసేవాడు. "అక్కా, నీ కండ్లనంటిని" అన్నాడు.

"అనాల్సిందేలే. నాకూ అనుమానమే."

పాతదాని నుంచి ఆ రెండు అట్టలూ మళ్ళీ కొట్టారు. కుళ్ళాయమ్మ చౌడక్కను పక్కన కూర్చోబెట్టుకుని, అంచున తాను రాసిన అంకె చూపించి, వేలు ఎట్లా జరపాలో నేర్పి, ఆమెతోనే లెక్కపెట్టించింది. చౌడక్క అట్టల కట్ట చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

వీణ ఏదో చిన్న ప్రోగ్రాము ఎక్కించి పిలిచింది. "చెక్‌సమ్ అంటారత్తా. ఫైలంతా చదివి ఒక అంకె కడతాది. చుక్కలెన్ని అనే కాదు, యాడ ఉండాయో కూడా ఆ లెక్కలోకి వస్తాది. ఇంక కాపీ చేసినప్పుడల్లా, నెలకోసారీ, ఆ అంకె మారిందేమో ఇదే చూసి చెప్తాది. చిప్పు మాత్రం ముందు మార్చాల."

"ఒక చుక్క తీసి చూపీ."

వీణ ఒక చుక్క చెరిపింది. తెర మీద అంకె మొత్తం మారిపోయింది. కుళ్ళాయమ్మ తిరిగి పెట్టమంది. పాత అంకె తు.చ. తప్పకుండా వచ్చింది. ఎక్కడో తనలాగే భయపడినవాళ్ళెవరో దీన్ని కనిపెట్టి ఉంటారని ఆమెకు అనిపించింది. పన్నెండేళ్ళలో ఆ భయం తనొక్కదానిదే కాదని అనిపించడం ఇదే మొదలు.

ఐదు దాటాక లేచి చీర కుచ్చిళ్ళకు పట్టిన అట్ట పొట్టు దులుపుకుంది. "గిరీ, రేపట్నుంచి నేను రాను. హిందూపురంలో చెల్లెలింటికి పోతాండా. కంటికి ఆపరేషన్ చేయించాల."

"చేయించుకోని రా అక్కా. అట్టలెవరు ఎంచేది?"

"పుస్తకంలో అంకె చూసి అట్ట అంచున రాసియ్యి. నేసే వాళ్ళే ఎంచుకుంటారు. నేను తప్పు ఎంచితే నన్నెవరు పట్టుకుంటారబ్బా?"

గిరిధర్ ఆటో పిలుస్తానన్నాడు. వద్దని, స్టేషను వైపు రోడ్డు ఓరగా నడిచి వెళ్ళింది. ఆపరేషన్ బాగా జరిగిందని ఆగస్టులో కబురొచ్చింది. ఆమె మాత్రం మళ్ళీ రాలేదు.

షాపులో నీళ్ళకుండ మూత మీద ఇంకా ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది, అడుగున సొట్టపడి, అంచు కింద చుక్కచుక్కలుగా కొట్టించిన ఆమె పేరులో చివరి అక్షరం సగం అరిగిపోయి.