అవ్, ఆవ్

మోటారు వేసి, భద్రు మెట్ల కింద గచ్చు కడుగుతున్నాడు. ఖానాపురం హవేలిలోని ఆ అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ అతనే, తోటమాలీ అతనే, లిఫ్టు ఆగిపోతే తిట్లు తినేదీ అతనే. సన్నటి మనిషి. యూనిఫారం తనకు ముందున్నవాడిది కావడంతో చొక్కా భుజాలు మోచేతుల వైపు జారి ఉంటాయి. పక్కనే బోర్లించిన పెయింటు డబ్బా మీద అతని నాలుగేళ్ల కొడుకు వాసు కూర్చుని ఉన్నాడు.

"బాపూ, మోటరు ఎందుకు ఏడుస్తుంది?"

"నీళ్లు పైకి మోస్తుంది గద బిడ్డా."

"దానికి యాడి లేదా?"

యాడి అంటే లంబాడీలో అమ్మ. భద్రు చీపురు ఆపి పకపకా నవ్వాడు. ఈ ముచ్చట్లు వినడానికే కడిగిన గచ్చునే మళ్లీ కడుగుతాడని భార్య సరిత వెక్కిరిస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. మూడేళ్లు దాటినా వాడికి మాట రాలేదు. తిరగని దవాఖానా లేదు, మొక్కని దేవుడు లేడు. ఒకరోజు ఉన్నట్టుండి నోరు విప్పినవాడు ఇక మూయలేదు. వాడి నోటి నుంచి ఏ మాట రాలినా భద్రుకు వరంలాగే ఉంటుంది.

అయితే అంగన్‌వాడీ టీచరమ్మ మంచికే ఒక మాట చెప్పింది. "ఇంట్ల తెలుగే మాట్లాడుండ్రి. రెండు భాషలైతే పోరడు తికమకైతడు." ఆనాటి నుంచి సరిత కొడుకుతో లంబాడీ మానేసింది. వాడి నోట్లోంచి ఆ మాటలు ఒక్కొక్కటే జారిపోసాగాయి. భద్రుకు దిగులు పట్టుకుంది. ములకలపల్లి అవతల తండాలో ఉన్న తన తల్లికి సంతలో బేరమాడేంత తెలుగు తప్ప రాదు. ఇట్లాగే సాగితే నానమ్మా మనవడూ ఎదురెదురుగా కూర్చుని మూగవాళ్లలా ముఖాలు చూసుకోవాల్సిందే.

గేటు ముందు షేర్ ఆటో ఆగింది.

"అన్నా, ఈమె నీకేమైతది? భద్రు, భద్రు అంటుంది, ఇంకో మాట లేదు" అన్నాడు డ్రైవరు.

మోచేతుల దాకా గాజులతో, వంగిన నడుముతో, ఆటోలోంచి దిగుతున్నది తల్లే. భద్రు చేతిలోని పైపు కిందపడింది. ఎన్నిసార్లు రమ్మన్నా, గేటు పక్క గదిలో నాకు ఊపిరాడదని మొండికేసిన మనిషి!

"ఏందే అమ్మా, చెప్పకుండ వచ్చినవ్?" లంబాడీలోనే అడిగాడు.

ఆమె కూడా లంబాడీలోనే జవాబిచ్చింది. "నువ్వు పిలిస్తే రాలేదు. వాడు పిలిచిండు, వచ్చిన. నిన్న ఫోన్‌ల ఏది అడిగినా ఆవ్, ఆవ్ అనుడే. అంత ప్రేమగ పిలిస్తే ఎట్ల రాకుండ ఉంట?"

లంబాడీలో ఆవ్ అంటే రా. వాసు అన్నది తెలుగు 'అవ్', అవుననే అవ్. వాడికది సాగదీసి పలకడం అలవాటు. తిన్నవా అంటే అవ్, పండుకున్నవా అంటే అవ్. గది ముందుకొచ్చిన సరిత నవ్వాగక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అసలు సంగతి చెప్పబోయింది. భద్రు కళ్లతోనే వద్దన్నాడు.

ఆ పూటంతా మెట్ల కింద నానమ్మా మనవళ్లదే రాజ్యం. వాడు తెలుగులో అడుగుతాడు, ఆమె లంబాడీలో చెబుతుంది. ఇద్దరూ ఆగరు. "దాదీ, ఇది లిఫ్టు. నిలబడితే చాలు, గుట్ట ఎక్కుతది" అని లాగితే ఆమె రెండు చేతులా గోడ పట్టుకుంది. పని లేకపోయినా భద్రు అటే తిరిగాడు. మధ్యాహ్నానికి వాడు "దాదీ, పాణి" అని నీళ్లడిగాడు. ఎన్నాళ్లకో వచ్చిన మాట! సరిత కూడా ఒళ్లు మరిచి, అన్నం పారబోసినందుకు వాడిని లంబాడీలోనే తిట్టింది. తిట్టాక నాలుక కరుచుకుంది. వాడు మాత్రం ఏ తికమకా లేకుండా, అదే భాషలో ఎదురు జవాబిచ్చాడు.

రెండో అంతస్తు నాగలత మేడం దిగుతూ "ఎవర్రా వాసూ?" అంది.

"మా దాదీ. ఆమె మాట మీకు రాదు. ఏమన్న అడగాలంటే నాకు చెప్పుండ్రి, నేను అడుగుత."

నాగలత నవ్వుకుంటూ వెళ్లిపోయింది. వాడి నోట్లో రెండు భాషలకూ చోటుంది. ఇక ఎవరేం చెప్పినా ఇంట్లో లంబాడీ ఆపేది లేదనుకున్నాడు భద్రు.

ఎండ వాలగానే ఆమె లేచింది. మేకలకు నీళ్లెవరు పెడతారని గోల. పై ఫ్లాట్లలో పనికి వెళ్లిన సరిత కోసం కూడా ఆగలేదు. వాసును చంకనేసుకుని భద్రు బస్టాండుకు వెంట వెళ్లాడు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని ఆమె మనవణ్ణి అడిగింది. "ఇగ పోనా?"

"అవ్" అన్నాడు వాసు బుద్ధిగా.

ఆమె ముఖం విప్పారింది. "చూసినవా భద్రూ! పోత అంటుంటే రా అంటడు."

భద్రు ఇక ఉండబట్టలేక కొడుకు చెవిలో లంబాడీలో చెప్పాడు. "గట్ల కాదు బిడ్డా, దాదీని మళ్ల రమ్మను. నోరు పెద్దగ తెరువు. ఆవ్."

బస్సు కదిలింది. వాడు గుండెల నిండా గాలి పీల్చి అరిచాడు. "దాదీ, ఆవ్! ఆవ్!"

"వస్త బిడ్డా! ఒక్కసారి పిలిస్తే సాలదా, ఎన్నిసార్లు పిలుస్తవ్!" గాజుల చెయ్యి బయటికి ఊపుతూ ఆమె విసుక్కుంది. ఆమెకు నిన్నటి పిలుపూ ఇవాళ్టి పిలుపూ ఒకటే. భద్రుకు తెలుసు, నిజంగా పిలిచింది ఇప్పుడే. కళ్లు తుడుచుకుని కొడుకును ముద్దుపెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి సరిత గది ముందు వట్టి కాళ్లతో నిలబడి నవ్వుతోంది. "నా చెప్పులు ఏసుకపోయింది అత్తమ్మ!"

గడప దగ్గర మడమలరిగిన తల్లి పాత చెప్పులు, తండా మట్టి ఇంకా దులపనివి, గది లోపలికి ముఖం పెట్టి ఉన్నాయి.