దండేనికి అంటిన పొగ

దండెం మీది దుప్పట్లు తీస్తూ తీస్తూ ఓరిసియా ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. పొద్దున్నే ఉతికి ఆరేసినవి. పొగ వాసన. కాదేమో. మళ్ళీ చూసింది. ఉంది. మూడోసారికి ఉందో లేదో తెలియలేదు.

"ఏమే, దుప్పటితో మంతనాలా?" గరాజులోంచి మొగుడు మైరన్. సాయంత్రం నాలుగింటికి ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ మ్యాచ్. నలభై మంది పిల్లలు, కోచ్ ఆయనే.

"ఇది కాస్త వాసన చూడు."

దగ్గరికి రాకుండానే చెప్పేశాడు. "సబ్బు వాసన. పొద్దస్తమానం పొగ బొమ్మలు చూసేదానికి బీట్‌రూట్ చారు కూడా పొగవాసనే వేస్తుంది. నీకలా అనిపిస్తుందంతే."

ఆమె ఉద్యోగమే పొగ. వంటింటి బల్ల మీద సగం అత్తగారు స్టెఫా చర్చి కోసం చేసే పెరోగీల, అంటే బంగాళదుంప కూరిన కుడుముల, పిండి, మిగతా సగం ఆమె కంప్యూటర్. ఆల్బర్టాలో అడవి అంటుకుంటే ఆ పొగ ఏ గాలి పట్టుకుని, ఏ ఊళ్ళ మీదుగా అట్లాంటిక్ దాకా పోతుందో ఆమె గీతలు గీయాలి. తామున్న విన్నిపెగ్‌కి హెచ్చరిక అక్కర్లేదో, కావాలో రెండింటికల్లా పంపాలి. గీతలు ఆమెవి, కింద పేరు మాత్రం ఆమెకంటే పదిహేనేళ్ళు చిన్నవాడైన పై అధికారి కెండల్‌ది. గీతల మధ్యలో లేచి బంగాళదుంపలు ఉడికించాలి. "కూర్చుని చేసే పనేగా" అంటుంది అత్తగారు.

ఉపగ్రహం బొమ్మలో ఊరి మీద గోధుమరంగు మరక ఉంది. అది ఆకాశంలో ఉందో, మన ముక్కు దగ్గర ఉందో ఆ బొమ్మ చెప్పదు. మూడు కిలోమీటర్ల ఎత్తులో ఉందని కంప్యూటర్ లెక్క అంటోంది. కెండల్ కూడా ఫోన్లో అదే అన్నాడు. "పైపైనే పోతోందండీ. జూన్‌లోనూ మీకిలాగే అనిపించింది కదా!"

జూన్‌లో అనిపించింది. ఆయన మాట విని హెచ్చరిక పంపలేదు. ఆ రోజు పొగ దిగిందో లేదో ఎవరూ కొలవలేదు కూడా. మైరన్‌తో ఇరవై రెండేళ్ళు ఇదే తంతు. నేలమాళిగలో గ్యాసు వాసనంటే నీకలా అనిపిస్తుందన్నారు. నెల తర్వాత గొట్టం మార్చారు, ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. పురిట్లో ఒళ్ళు కాలిపోతోందంటే అనిపిస్తుందిలే అన్నారు. పోయిన చలికాలం ఆయన చొక్కా మీద తనది కాని సెంటు వాసనన్నప్పుడూ అదే మాట. అవన్నీ ఉన్నాయా, లేవా? నిజంగా తన ముక్కే చెడిందా? చెడిన ముక్కుతో నలభై మంది పిల్లల సంగతి ఎలా తేల్చడం?

ఫ్రిజ్ మీద చర్చి ఆడవాళ్ళ ఫోన్ నంబర్ల కాగితం ఉంది. ఏ ఊళ్ళో ఎన్ని పెరోగీలు కావాలో కనుక్కునే కాగితం. ఓరిసియా పొగ వచ్చే వాయవ్యం వైపు ఊళ్ళ నుంచి మొదలుపెట్టింది.

"హానియా, ఇవాళ బట్టలు ఆరేశావా?"

"పెరోగీల ఆర్డరనుకుంటే బట్టలా!" స్వాన్ రివర్ నుంచి హానియా నవ్వింది. "రాత్రి ఆరేసినవి తెల్లారేసరికి కంపు. మళ్ళీ ఉతుకుతున్నా. మా ఆయనైతే నా ముక్కుకే జబ్బంటున్నాడు."

డాఫిన్‌లో ముసలి ఒలెంకా పొద్దున ఆరింటికే బట్టలు తీసేసిందట. "నాకే అనిపించిందేమో అనుకున్నా తల్లీ." పోర్టేజ్‌లో పదింటికి. తన దండేనికి మధ్యాహ్నం.

గాలి దారిలో వరుసగా నాలుగు ఊళ్ళు, వరుసగా నాలుగు వేళలు. పొగ నేల మీదే నడుచుకుంటూ వస్తోంది.

హెచ్చరిక పంపింది. ఆధారం అన్నచోట 'నాలుగు ఊళ్ళ దండేలు' అని కొట్టింది. కింద తన పేరే పెట్టింది.

మూడింటికి మైరన్ బ్యాట్ల సంచి నేలకేసి కొట్టాడు. "నా మ్యాచ్ ఆపించింది నువ్వా? నీకలా అనిపించిందని..."

కిటికీ అవతల ఎదురింటి పైకప్పు కనబడటం లేదు. స్టెఫా దగ్గుతూ పిండి చేత్తోనే కిటికీ పట్టుకుంది. ఎప్పుడూ కోడలికి చెప్పే పని ఈసారి కొడుక్కి చెప్పింది. "నిలబడి చూస్తావేంరా, మూయి!"

మూశాడు. ఓరిసియాకు గెలిచినట్టు లేదు. పొగ నిజం. గ్యాసు నిజం. జ్వరం నిజం. వేళ్ళ మీద ఇంకా ఏవేవో లెక్కకొస్తున్నాయి, ఎక్కడ ఆగాలో తెలియడం లేదు.

దుప్పటి మళ్ళీ ఉతకలేదు. మడతపెట్టి ఆయన చేతుల్లో పెట్టింది.

"మైరన్, పోయిన చలికాలం ఆ చొక్కా సంగతి మళ్ళీ మొదట్నుంచీ చెప్పు. ఈసారి నాకేమనిపించిందో మాత్రం నువ్వు చెప్పకు."