గీటు పడని ప్రధానపుటుంగరము

చైత్రమాసపు కడపటి దినములు. గౌతమీతీరమున నా కాలపుటెండ యెట్టిదో యెఱిగినవారికి వేఱుగ వర్ణింప నక్కఱలేదు. ఎఱుగనివారికి వర్ణించినను దెలియదు. ప్రొద్దు జానెడెక్కునంతలోనే చండకిరణుని ప్రతాపమునకు దాళజాలక విహంగకులంబులు చింతగుబురులలో దాగుచు గోవులు కట్టుగొయ్యలకడ నోళ్లు దెఱచి రొప్పుచు రాజవీథులు ధూళిధూసరితములై నిర్మానుష్యములై యుండ, చామవరాగ్రహారమున పేరిశాస్త్రిగారి గృహమున మాత్రము తెల్లవారినది మొదలు సందడి తగ్గలేదు. వాకిట నాఱు పెద్దకుండలలో గుల్లసున్నము నీటబడి కుతకుత నుడుకుచు ధవళధూమంబుల జిమ్ముచుండెను. వైశాఖ శుద్ధ దశమినాడు శాస్త్రిగారి యేకపుత్రిక హైమవతికి వివాహము. పెండ్లియింటికి వెల్లవేయు పని నాడే యారంభమయ్యెను.

ఆ పనికంతటికి నధికారిణి శాస్త్రిగారి యప్ప నరసమాంబ. ఏబదియేండ్ల ప్రాయమును ముండితశిరంబును మోకాళ్లనంటు ముతకసైనుపంచెయు గల యా వితంతువు నోటికి వీథి యంతయు జడియును. ఆమె కంఠము వినవచ్చినచో పాలమనిషి నీళ్లు గలుపుట మానును. అట్టి యామె, తల్లిలేని మూడేండ్ల పసికందుగా దన యొడిజేరి నేడు పదునాఱేండ్ల కన్యకయైన హైమవతి యెదుట మాత్రము వెన్నపూసయై పోవును. తనకు లేని సంసారమెల్ల నా పిల్లయందే చూచుకొనుచుండెను. పిల్ల సువాసినియై పసుపుపాదములతో మెట్టినింట నడుగిడుట కన్నులార గాంచినచో జాలును, తరువాత దాను బోయినను జింతలేదని యామె యెల్లరతోడను జెప్పుచుండెడిది.

ఫాల్గునమున ప్రధానము జరిగెను. మగపెండ్లివారగు పెదపాలెపువారు మూడుతరములుగా దమ యింట గోడండ్ర చేతులయందు వెలసిన కెంపుటుంగరమును దెచ్చి హైమవతి కుడిచేతి యనామికకు దొడిగిరి. ఒకసారి తొడిగిన ప్రధానపుటుంగరము మంగళసూత్రము కంఠమున బడుదనుక వ్రేలు విడువరాదని యా వంశాచారము. పెండ్లికూతురు కుంచె ముట్టక స్వహస్తముతోడనే దేవతార్చనపు గదికి సున్నము పూసి, తడియాఱకమున్నే ద్వారముప్రక్క పసుపుచేతి ముద్ర వేయవలెనని యీ వంశాచారము. వేఱువేఱుగ జూచినచో నీ రెండాచారములును నెవ్వరికి నపకారము చేయునవి కావు. రెండును నొక్కచేతిమీద బడుటయే యా పిల్ల దౌర్భాగ్యము.

ఉంగరములన్న నరసమాంబకు గల భయమునకు గారణము గలదు. పదునొకండవయేట దనకు బ్రధానమైన నెలదినములకు, పెరటిలో జింతపండును బూడిదయు జేర్చి యిత్తడిబిందెలు దోముచుండగా, వదులుగనున్న యుంగరము వ్రేలినుండి జాఱి బూడిదలో గలిసిపోయెను. పెంటకుప్ప యంతయు జల్లెడపట్టినను దొరకలేదు. వివాహమైతే యయ్యెను గాని యాఱవనెలలో వరుడు విషూచిచే మృతినొందెను. ఆ యేట నా మహమ్మారి యూర నిరువదిమందిని బొట్టబెట్టుకొన్నది. వారిలో బందొమ్మండ్రు విషూచిచేతనే చచ్చిరని జనులొప్పుకొనిరి. ఇరువదియవవాడు మాత్రము బూడిదలో బోయిన యుంగరముచేత జచ్చెనని నిశ్చయించిరి. జనుల మాట యటుండనిండు, నరసమాంబయు నట్లే నమ్మెను. ఆ నమ్మకముతోడనే నలువదియేండ్లు గడపెను.

కావుననే మేనకోడలి ప్రధానమునకు ముందు, ఉంగరమును వ్రేలికి సరిపఱచుటకై కంసాలి యప్పలాచారి కొలతదారము నడిగినప్పు డామె యా దారమును మఱికొంత బిగించి యిచ్చెను. బిగువైనచో జాఱదుగదా యని యామె తలంపు. వెల్లవేయు నాటి యుదయమున నీళ్లకుండయొద్ద గూర్చున్న హైమవతిని బిలిచి, పసుపు నూలుదారమును ముప్పేటగా బేని, ఉంగరము రవంతయు గానరాకుండ కణుపునుండి కణుపుదనుక వరుసగా జుట్టి, కరగిన తేనెమైనము నాపై బోసి వ్రేలితో నదిమి చదును చేసెను. కెంపునకు సున్నము తగిలినచో గాంతి చెడునని యామె భీతి.

హైమవతి వ్రేలిని జూచుకొని నవ్వి, "అత్తయ్యా! దీనికే పెండ్లిబట్టలు గట్టినట్లున్నది. మూడు దినములు తీసి పెట్టెలో బెట్టినచో నెవరు చూడవచ్చెదరు?" అనెను.

"నోరు మూయవే! తీయుట యను మాట నా యెదుట ననకు. నాది తీయకయే పోయినది. నీది తీసినచో నిలుచునా?" అని నరసమాంబ గద్దించి, వెంటనే మనసు కరగి, పిల్ల చెక్కిలి పుణికి, "ఈ మూడుదినములు నోర్చుకొనుము తల్లీ. పని ముగియగానే నేనే విప్పెదను" అనెను.

హైమవతి కొంగు నడుమున దోపుకొని గదిలోనికి బోయెను. చేయి సున్నమున ముంచును, గోడను బామును, మరల ముంచును. సాయంకాలము కాగానే మేనత్త యా చేతిని మూడునీళ్ల గడిగి వెన్న రాచుచుండెను. నాలుగువ్రేళ్లకును నీరు దొరకెను, వెన్న దొరకెను. అయిదవదానికి మైనపుకవచము గలదుగదా యని దాని నట్లే విడిచెను. ఆ కవచము మొదటి జాములోనే నెఱ్ఱెవిచ్చెననియు, ఆ నెఱ్ఱెల వెంట సున్నపునీరు లోనికి దిగి యందే నిలిచెననియు, తడిసిన నూలు గడియగడియకు బిగియుచుండెననియు నెవ్వరు నెఱుగరు.

రెండవనాటి మధ్యాహ్నమున హైమవతి యన్నమునొద్ద గూర్చుండి, కుడిచేయి విస్తరిలో నుంచి కలుపజాలక, "అత్తయ్యా! వ్రేలు సలుపుచున్నది. ఒక్కసారి విప్పి చూడవా?" అనెను.

"సున్నము ముట్టినవారి చేతులు మండక చల్లగనుండునా? నా చేతులు జూడుము, ఎట్లు పొక్కినవో. రేపటితో దీఱిపోవును" అని నరసమాంబ తానే ముద్దలుచేసి పెట్టెను. పెట్టుచు నా వ్రేలికొన నొకసారి చూచెను. అది నీలిచాయ దాల్చియుండెను. గదిలో వెలుతురు చాలమి నట్లు గనబడుచున్నదని తనకు దానే చెప్పుకొని, ఆ మాటను దానే నమ్మి, మఱియొక ముద్ద పెట్టెను. మనుష్యుడు తన భయమునకు లోబడి చూడదలచినదే చూచునని చెప్పుట కింతకన్న దృష్టాంతము వలదు.

మూడవనాడు హైమవతి నొప్పి యనలేదు. అనకుండుట నొప్పి తగ్గుటచే గాదు, వ్రేలికి స్పర్శ పోవుటచే. అది తెలియని నరసమాంబ పరమానందభరితురాలయ్యెను. అపరాహ్ణమునకు గది సుధాధవళమై మెఱసెను. అప్పుడు పసుపు చిక్కగ గలిపి పిల్లయఱచేత బూసి, ద్వారముప్రక్క తడిగోడపై నదిమించెను. పసుపు సున్నమునుగూడి యెఱ్ఱనగుట సహజమే యైనను శుభసూచకమని యామె చేతులు జోడించెను. అయిదువ్రేళ్ల ముద్ర చక్కగ బడెను, అందు నాలుగవ వ్రేలు మాత్రము దారపుచుట్టలతో లావుగ బడెను.

పిదప నిరువురును నరుగుపై గూర్చుండిరి. నరసమాంబ మైనము నొలిచి, కత్తిమొనతో దారము తెగగోసి, మెల్లగ విప్పసాగెను. కడపటి చుట్టలతోడ దోలును నూడివచ్చెను. లోపల వ్రేలు నల్లనై యుబ్బి రసి గాఱుచుండెను. ఆ మాంసములో సగము మునిగి, సున్నము రవంతయు నంటక, కెంపుటుంగరము పెట్టెలోనుండి యప్పుడే తీసినట్లు తళతళలాడుచుండెను. హైమవతి దాని నూరక చూచుచుండెను. అఱచినది నరసమాంబయే.

ఆముదముతో జాఱలేదు, కుంకుడునురుగుతో గదలలేదు. కబురంపగా నప్పలాచారి యాకురాయి పట్టుకొని పరుగెత్తి వచ్చి, వ్రేలిని జూచి, వడిగా గూర్చుండెను.

"అమ్మగారూ! రెండు గీతలు గీసినచో విడిపోవునండి. తరువాత నతికి మెఱుగు పెట్టెదను. ఆ యతుకు బ్రహ్మదేవునికైనను గనబడదు" అనెను.

"నాకు దెలియునుగదా అప్పలాచారీ! ప్రధానపుటుంగరము కోయుట సంబంధము కోయుటయే. అందుచే నాకేమైనదో యూరంతయు నెఱుగును."

"ఉంగరము పోయినచో మఱియొకటి చేయగలవాడను. వ్రేలు చేయువిద్య నాకు రాదమ్మా!"

నరసమాంబ తమ్మునివంక జూచెను. పేరిశాస్త్రిగారు నాలుగుశాస్త్రములు చదివినవారే గాని, పుట్టిననాటినుండి యింట నే నిర్ణయమును జేసి యెఱుగరు. ఆయన యుత్తరీయముతో గన్నులొత్తుకొని, "నీ యిష్టమక్కా" అనిరి. ఆ మాటతో భారమంతయు నామె శిరమునబడెను. "రెండుదినము లాగుము. వాపు తీసినచో దానంతటదియే వచ్చును" అని యామె కంసాలిని బంపివైచెను.

ఆ రెండుదినములును వేపాకును బసుపును నూరి కట్టెను, తులసికోట చుట్టు నూటయెనిమిది ప్రదక్షిణములు చేసెను, పచ్చిమంచినీళ్లైనను ముట్టలేదు. రెండవనాడు పిలువకయే వచ్చి వీథిలో నిలిచిన యప్పలాచారిని జూచి తలుపు మూసికొనెను. ఆ సాయంకాలమున హైమవతికి జ్వరము గాచెను. మఱునాటి యుదయమునకు వ్రేలినుండి మోచేతిదాక నెఱ్ఱనిగీత యొకటి ప్రాకెను. పిల్ల కన్నులు మూసికొనియే, "అత్తయ్యా! గోడ యాఱలేదు, ఎవ్వరిని ముట్టవలదని చెప్పుము" అని పలవరింపసాగెను.

అప్పుడు నరసమాంబ కొంగు జాఱుచున్నదను స్పృహ లేక, బోడితలతోడ నట్టెండలో, జన్మమున నడుగిడని కంసాలివీథికి బరుగెత్తి, కొలిమియొద్ద గూలబడి, "కోయుమురా నాయనా! ముక్కలుముక్కలుగ గోయుము, ఆ యుంగరము మాకు వలదు" అని మొఱపెట్టెను. నలువదియేండ్ల నమ్మకము నామె యాక్షణమున ద్రోసివైచెను. కాని యప్పలాచారి వచ్చి చూచునప్పటికి మాంసము పొంగి యుంగరమును మ్రింగివైచెను. ఆకురాయి యాననిచ్చు చోటైనను లేదు. అతడు పనిముట్టును నేలబెట్టి, "బండి గట్టింపుడు, పట్టణమునకు దీసికొనిపొండు" అని మాత్రము చెప్పగలిగెను.

పట్టణపు వైద్యశాలలో డాక్టరు వెంటనే కట్టువిప్పి చూచి, "ఎన్నిదినములైన"దని యడిగెను. చెప్పిరి. "మొన్న వచ్చియున్నచో నుంగరమును గోసియుందును. నేడు వ్రేలిని గోయవలెను. రేపనినచో జేతిని గోయుదును, ఎల్లుండి యనినచో మీరు రానక్కఱలేదు" అని యతడు కోపముతోడనే పలికి లోనికి బోయెను. గంటసేపటికి నర్సు వచ్చి, పింగాణిగిన్నెలో నొకవస్తువును దెచ్చి నరసమాంబ చేతికిచ్చెను. ఉంగరము చెక్కుచెదరక వచ్చెను.

పిల్ల ప్రాణము దక్కెను. దేవుని దయ యని యెల్లరు ననిరి, నరసమాంబయు ననెను.

వైశాఖ శుద్ధ తదియనాడు పెదపాలెమునుండి వరుని మేనమామ కాశీపతిగారు వచ్చిరి. ఆయన పెద్దమనిషి. పరుషముగ నొక్కమాటయైన నాడలేదు. హోమమున దర్భపవిత్రము ధరింపవలసిన వ్రేలు లేని కన్యను బరిగ్రహింప బెద్దలు సమ్మతింపరనియు, పిల్లవాడు రెండుదినములు భోజనము మానెననియు, మూడవనాడు చేసెననియు, ఇందు దోషమెవ్వరిదియు గాదనియు మృదువుగ జెప్పి, మజ్జిగ త్రాగి, కొంతసేపు పంచాంగమునుగూర్చి ముచ్చటించి, లేవబోవుచు, "మా యింటివస్తువు మీకడ నున్నది" అనిరి.

నరసమాంబ లోనికి బోయి దానిని దెచ్చెను. కుంకుడునీట నెన్నిమారులు గడిగెనో యామెకే తెలియదు. కాశీపతిగారు ద్వారముకడ వెలుతురున దానిని ముమ్మాఱు ద్రిప్పి చూచి, తృప్తులై, "మూడుతరముల వస్తువమ్మా! ఎంత భద్రముగ నుంచితిరి! గీటైనను బడలేదు" అనిరి. ఉంగరము విషయమున నొకరిచే మంచి యనిపించుకొనుట నరసమాంబ కాయుస్సులో నదియే ప్రథమము. ఆమె తల వంచుకొని, గోడకు జేరగిలబడి, ఆయన బండి సందు మలగుదనుక నట్లే నిలిచెను.

తిరిగి లోనికి వచ్చునప్పటికి హైమవతి దేవతార్చనపు గదికడ నిలిచి, కట్టుగట్టిన కుడిచేతిని గోడమీది ముద్రపై నానించి చూచుకొనుచుండెను. నాలుగువ్రేళ్లు నాలుగింటిని గప్పెను. లావుగ బడిన యెఱ్ఱని వ్రేలిజాడ మాత్ర మొంటిగ గానవచ్చుచుండెను.

"అత్తయ్యా! నీ యుంగరము బూడిదలో బోయిననాడు నీకు నొప్పి పుట్టినదా?" అని పిల్ల వెనుదిరుగకయే యడిగెను.

"లేదు తల్లీ. పోయినదని మఱుసటిజాము దాక దెలియనేలేదు."

"అట్లయిన నీ యుంగరమే మంచిది" అని హైమవతి చేయి దీసికొని లోనికి బోయెను.

ఆ పిమ్మట బదునెనిమిదియేండ్లు నరసమాంబ జీవించెను. ఏటేట నా గదికి దానే స్వహస్తముతోడ సున్నము పూయుచుండెను. ఒక్క యా ముద్ర చుట్టును జానెడు మేర మాత్రము తాను బూయదు, ఇతరుల బూయనీయదు. మిగిలిన గోడ యేటికేడాది తెల్లనగుచుండ నా యెఱుపు మాసి నల్లబడుచు వచ్చెను. అందు నైదువ్రేళ్లును నట్లే యుండెను.