పెదవుల మధ్య స్క్రూ

ఫోను మోగితే యాక్సిడెంటేమో అనుకుంటాను. మోగకపోతే ఫోను చేసే స్థితిలో కూడా లేరేమో అనుకుంటాను. మా ఆయన బస్సు డ్రైవరు కాబట్టి నా భయానికి చేతినిండా పని. "మా అందరి వంతూ నువ్వే భయపడేస్తే మాకింకేం మిగుల్తుందే?" అని వేళాకోళం చేస్తారాయన. ఎన్ని రకాలుగా భయపడినా మా అమ్మాయి మర్యాదే దాని కొంప ముంచుతుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

మర్యాద విషయంలో బుజ్జిని ఎవరూ వేలెత్తి చూపలేదు. చిన్నప్పుడు కుర్చీ కాలికి తగిలితే కుర్చీకే సారీ చెప్పింది. అంతా నా పెంపకం. తప్పెవరిదైనా సరే, ముందు మనం సారీ చెప్పేస్తే గొడవ అక్కడితో తెగిపోతుందని దానికి నూరిపోశాను.

చదువు అంతంతమాత్రమే గానీ దాని చేతిలో మంచి పనితనం ఉంది. కళ్ళజోళ్ళ షాపులో రిపేర్లు చేసేది. కళ్ళజోడు కాడకి బిగించే స్క్రూ చీమ తలకాయంత ఉంటుంది. బల్ల మీద పెడితే దొర్లిపోతుంది, కింద పడితే ఇక దొరకదు. అందుకని దాన్ని పెదవుల మధ్య పట్టుకుని రెండు చేతులతో ఫ్రేము సరిచేసేది.

"మింగేస్తావే! పేగులో గుచ్చుకుంటుందే!" అని నేను మొత్తుకునేదాన్ని.

"పుట్టినప్పట్నుంచీ నీ తిట్లు మింగుతున్నాను, ఏమైనా గుచ్చుకుందా?" అని నవ్వేది.

రిపేర్లు చేస్తూ వీడియోలు తీసి ఫోన్లో పెట్టడం మొదలుపెట్టింది. ఆడపిల్ల మొహం లోకానికంతా ఎందుకే అని నేను గోల చేస్తే, సరేనని చేతులు మాత్రమే కనిపించేలా తీసేది. జనం బాగానే చూశారు. మొహం ఎరగని పిల్లెవరో, "అక్కా, మీరు చెప్పినట్టే బిగించాను. మా నాన్న మళ్ళీ పేపరు చదువుకుంటున్నాడు" అని రాసింది. అది నాకు మళ్ళీ మళ్ళీ చదివి వినిపించింది బుజ్జి. నిజం చెప్పాలంటే నేనూ పొంగిపోయాను. షాపు ఓనరు కూడా, "కొత్త షాపు తెరుస్తున్నానమ్మా. అక్కడ రిపేరు బల్ల నీదే. నీ కింద ఇద్దరు పనివాళ్ళు" అన్నాడు. దాని బతుక్కి అదే పెద్ద మెట్టు.

ఒకరోజు కింది వాటాలో ఇస్త్రీ చేసే ఆవిడ ఫోను పట్టుకుని పైకొచ్చింది.

"వదినా, ఇది మన బుజ్జేనా? కాదని చెప్పు, నా మనసు కుదుటపడుతుంది."

మొహం సరిగ్గా కనబడకపోయినా బుజ్జే. ఎదురుగా ఒక పెద్దాయన ఏదో అడుగుతున్నాడు. అది తలెత్తలేదు, నోరు విప్పలేదు. ఆగమన్నట్టు చెయ్యి ఎత్తి చూపించింది. అంతే, వీడియో అయిపోయింది. షాపులో కూర్చున్న వాళ్ళెవరో తీసినట్టుంది. "పెద్దవాళ్ళు అడిగితే జవాబు చెప్పని పొగరు. ఇదీ ఈ కాలం పిల్లల సంస్కారం" అని పైన రాశారు. కింద తిట్లే తిట్లు. దీన్ని కన్నదాన్ని అనాలి అని కూడా ఉంది. కన్నదాన్ని నేనే కదా.

సాయంత్రం బుజ్జి రాగానే అడిగాను.

"కాడ బిగిసిందా అని అడుగుతున్నారమ్మా తాతగారు. నా నోట్లో స్క్రూ ఉంది. మాట్లాడితే పడిపోతుంది. అందుకే ఒక్క క్షణం ఆగమని చెయ్యి చూపించాను. అయ్యాక ఆయన నవ్వుతూ వెళ్ళారు."

"అయితే అదే చెప్తే సరిపోతుందిగా. నోట్లో స్క్రూ ఉందని," అన్నారు మా ఆయన.

"సాకులు చెబుతోందంటారు! ఇంకా రెచ్చిపోతారు. ఇవాళ తిట్టినవాళ్ళు రేపు షాపు మీదకొస్తారు, ఎల్లుండి ఇంటి మీదకొస్తారు. ఒక్క సారీ చెప్పెయ్యవే. నీ సొమ్మేం పోయింది?" అన్నాను నేను.

"చెయ్యని తప్పుకి సారీ చెబితే చేసినట్టే అవుతుందమ్మా."

"నా మాట విను తల్లీ. నువ్వు బయటికెళ్తే తిరిగొచ్చేదాకా నా ప్రాణం నిలవదు."

నేను ఏడుపు లంకించుకున్నాను. ఆ ఏడుపు చూడలేక ఒప్పుకుంది. తల దువ్వుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. మొదటిసారి మొహం చూపిస్తూ, "పెద్దాయనతో అలా ప్రవర్తించినందుకు క్షమించండి" అంది. స్క్రూ ఊసెత్తలేదు, నేనే వద్దన్నాను. ఫోను పట్టుకుని తీసింది కూడా నేనే.

పొద్దున్నకల్లా "ఒప్పుకుంది చూడండి" అని రెండు వీడియోలూ పక్కపక్కన అతికించి తిప్పుతున్నారు. ఇప్పుడు వాళ్ళ చేతిలో దాని మొహం కూడా ఉంది. పాపం వదిలెయ్యండని రాసిన ఒకరిద్దరికీ తిట్లు పడ్డాయి.

షాపుకి దానితో పాటు నేనూ వెళ్ళాను. ఓనరు చెడ్డవాడు కాదు. మమ్మల్ని కూర్చోబెట్టాడు.

"నోట్లో స్క్రూ సంగతి నాకు తెలియదా అమ్మా? షాపు తరఫున అదే రాద్దామని కూర్చున్నాను. ఈలోగా మీరే తప్పు ఒప్పేసుకున్నారు. ఇప్పుడు నేనేం చెప్పినా కప్పిపుచ్చుతున్నాననే అంటారు. కొన్నాళ్ళు ఇంట్లో ఉండమనండి. తర్వాత చూద్దాం."

ఆ 'తర్వాత' రాదని ముగ్గురికీ తెలుసు. బుజ్జి లేచి, తన చిన్న స్క్రూడ్రైవరు తుడిచి బల్ల మీద పెట్టి, "థాంక్స్ సార్" అంది. 

కొన్నాళ్ళకి ఆ పెద్దాయన అడ్రసు కనుక్కుని మా ఇంటికొచ్చాడు. మెట్లెక్కిన ఆయాసం.

"మనవరాలు ఇవాళే చూపించిందమ్మా. నన్ను అవమానించావట! నాకే తెలియదు ఆ సంగతి. ఏదీ, ఆ ఫోను ఇటు పట్టండి. జరిగింది జరిగినట్టు నేను చెప్తాను."

నా ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తి ఫోను తెచ్చి పట్టుకున్నాను. బుజ్జి వచ్చి కెమెరాకి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు తాతగారూ. రేపు మిమ్మల్ని తిడతారు. ఎంత తీసుకున్నావు ముసలోడా అంటారు. మీరు పడలేరు."

ఆయన కళ్ళజోడు తీసి దాని ముందు పెట్టాడు.

"పోనీ ఇది చూడమ్మా. మళ్ళీ వదులైంది."

అది కళ్ళజోడు వంక చూసింది. చేతులు ఒళ్ళోంచి కదల్లేదు.

"సారీ తాతగారూ. షాపులో ఇప్పుడు వేరే ఆయన ఉన్నారు. బాగా చేస్తారు."

ఆయన వదులు కళ్ళజోడే పెట్టుకుని, ఒక చేత్తో దాన్ని పట్టుకుని మెట్లు దిగాడు.

బుజ్జి ఫోను నా దగ్గర పడేసింది. తిట్లు తగ్గాయి, వాళ్ళకి ఇంకెవరో దొరికుంటారు. మొన్న అందులో ఒక మాట కనిపించింది. నాన్న కళ్ళజోడు బిగించిన ఆ పిల్లే రాసింది.

"తల్లీ, కొత్త వీడియో ఎప్పుడు పెడతావని అడుగుతోందే ఆ పిల్ల. ఏం చెప్పమంటావు?"

కిటికీ దగ్గర కూర్చున్న బుజ్జి ఇటు తిరగలేదు. ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది, అచ్చం ఆ వీడియోలోలాగే. నేను ఆగాను. దాని పెదవుల మధ్య ఏమీ లేదు. మాట మాత్రం రాలేదు.