లింబాద్రి పెట్టిన రాళ్లు

లింబాద్రి నా భార్య భూమక్కకు సొంత తమ్ముడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. నన్ను ముంచింది బయటివాడు కాదు. ఎల్లారెడ్డిలో మా ఇంట్లో మూడేళ్లు తిని, నేను కొనిచ్చిన పుస్తకాలతో పదో తరగతి పాసైన లింబాద్రే ముంచాడు. నేనేమో ఏడుతోనే బడి మానేసినవాణ్ని. వాడైనా చదువుకోవాలనుకున్నాను. చదువుకున్నాడు. బాగానే చదువుకున్నాడు.

నేను ఎల్లారెడ్డిలో ఒక సర్కారు ఆఫీసు జీపు నడిపేవాణ్ని. ఆ రోజు మా ఆఫీసరు మహేశ్వరి మేడంను కామారెడ్డిలో మీటింగుకు దింపాను. ఆఫీసులో మరిచిపోయిన కాగితాలు తెమ్మంటే ఖాళీ జీపుతో తిరిగి వస్తున్నాను. వరికోతల రోజులు. కోతలప్పుడు మా దిక్కు రోడ్డు సగం రోడ్డు, సగం కల్లం. తారు మీద పోస్తే వడ్లు తొందరగా ఎండుతాయి. బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. తప్పని అందరికీ తెలుసు, అయినా అందరూ చేస్తారు. పొద్దు గూకాక కుప్ప మీద నల్ల కవరు కప్పితే ఇక కుప్పా కనపడదు, రాళ్లూ కనపడవు.

చీకటి పడ్డాక లింబాద్రి ఊరి మలుపు తిరిగేసరికి ఎదురుగా మోటార్‌సైకిల్ లైటు. ఎడమకు తీశాను. ముందు చక్రం రాయెక్కింది. స్టీరింగు చేతుల్లోంచి గుంజుకుపోయింది. జీపు కుడివైపు దూకి, మోటార్‌సైకిల్‌ను గుద్ది, కల్వర్టు గోడకు తగిలి ఆగింది.

కింద పడ్డది పక్క తండా బాబూలాల్. మోకాలి కింద కాలు పక్కకు తిరిగిపోయి ఉంది.

"అన్నా, నా కాలున్నదా?"

"ఉన్నది తమ్మీ. కదలకు."

నూట ఎనిమిదికి ఫోన్ చేశాను. తర్వాత మేడంకు చేశాను.

"సిద్దిరాములూ, ముందుగాల ఆయన్ని చూడు. తర్వాత పోలీసులకు ఫోన్ చెయ్యి. బండిని కదిలించకు. రోడ్డు మీద ఏదెట్ల ఉన్నదో అట్లనే ఉండనియ్యి, ఫొటోలు తీయి. ఎవ్వరికీ ఏం ఒప్పుకోకు, ఏం మాటియ్యకు. నేను వస్తున్న."

ఇంత సాఫుగా చెప్పింది. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. పోలీసులకూ ఫోన్ చేశాను.

అంబులెన్సు వచ్చి బాబూలాల్‌ను కామారెడ్డి దవాఖానకు తీసుకుపోయింది. వాళ్లకు మనిషి కనపడ్డాడు గాని రాళ్లు కనపడలేదు. అది పోగానే లింబాద్రి, వాడి భార్య అనిల ఉరికొచ్చారు. ఆమె చేతిలో చీపురు, వాడి భుజం మీద గోనె సంచులు.

"బావా, నీకేం కాలే గదా?"

"నాకేం కాలే. గీ కుప్ప ఎవనిదిరా?"

వాడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నాదే బావా. పోలీసోళ్లు గీ రాళ్లు చూస్తే నన్ను లోపలేస్తరు. పంట మొత్తం ఈడనే ఉన్నది. వాళ్లొచ్చేలోపు ఎత్తేస్త."

"మేడం ఏదీ ముట్టొద్దన్నది."

"మేడం నీకు సుట్టమా, నేను సుట్టమా?"

అనిల ఏడుపు మొదలుపెట్టింది. జీపు చక్రాలు తొక్కినచోట వడ్లు నలిగి తెల్లగా బియ్యం బయటికొచ్చాయి. పండిన గింజను తొక్కుకుంటూ నిలబడటం నాకు చేతకాలేదు. చెప్పులు విడిచాను. వాళ్లతోపాటు నేనూ వంగాను. వడ్లు సంచుల్లోకి ఎత్తాం. రాళ్లు ఒక్కొక్కటే పొలంలోకి దొర్లించాం. ఒక రాయి మీద నా టైరు మచ్చ నల్లగా ఉంది. దాన్ని నా చేతులతోనే ఎత్తి బావిలో పడేశాను.

"మరి ఏం చెప్పాలెరా?"

"అడివిపంది అడ్డమొచ్చిందని చెప్పు. కండ్లార చూసిన్నని నేను గూడ చెప్త. బాబూలాల్ ఖర్సుల సగం నేను పెట్టుకుంట. నా పిల్లల మీద ఒట్టు బావా."

పోలీసులు వచ్చారు. పంది అన్నాను. లింబాద్రి తల ఊపాడు. కాసేపటికి మేడం వేరే కారులో దిగింది. రోడ్డును అటూ ఇటూ చూసింది.

"ఫొటోలేవి?"

"సెల్లుల చార్జింగ్ లేకుండె మేడం."

"కోతల దినాలల్ల గీ రోడ్డు గింత సాఫుగ ఎట్లున్నది? ఎవరు ఊడ్చిన్రు?"

నేను నేల చూశాను.

నన్ను సస్పెండ్ చేశారు. ఎంక్వైరీ పడింది. తప్పు నాదేనని తేలితే జీపు ఖర్చూ, బాబూలాల్ కాలు ఖర్చూ నా మీదే పడతాయని మేడం ముందే చెప్పింది. నేనేం దిగులుపడలేదు. సాక్షి నా బామ్మర్దే కదా!

ఎంక్వైరీ రోజు బాబూలాల్ చంకల కర్రల మీద వచ్చాడు. "జీపు నా దిక్కు వచ్చింది సార్. ఎందుకొచ్చిందో నాకెర్క లేదు" అన్నాడు. అది నిజమే. అతని మీద నాకు కోపం లేదు. తర్వాత లింబాద్రిని పిలిచారు. ఇస్త్రీ అంగీ వేసుకొచ్చాడు.

"పంది వచ్చిందా?" ఎంక్వైరీ ఆఫీసరు అడిగాడు.

"మా దిక్కు ఆ దినం పంది గిట్ల రాలే సార్. జీపు జోరుగ వచ్చింది."

"సార్, పంది అబద్ధం. రోడ్డు మీద రాళ్లుండె. వీని వడ్లు, వీని రాళ్లు!" అని లేచాను.

"మేం పొలంలనే ఆరబోస్తం సార్" అన్నాడు లింబాద్రి.

"నా మొఖం జూసి చెప్పురా!"

వాడు గోడ మీది గడియారం వంక చూశాడు. చూసి, మెల్లగా, జాలిగా అన్నాడు: "పాపం, బావకు ఆ దినం నిద్ర సాలలే గావచ్చు సార్."

తిట్టినా ఓర్చుకునేవాణ్ని. ఆ జాలే నన్ను కోసింది.

ఎంక్వైరీ ఆఫీసరు పెన్ను మూత పెట్టాడు. "మొదట పంది అన్నవు. ఇప్పుడు రాళ్లంటున్నవు. మల్ల వాయిదాకు ఏనుగంటవా?" అక్కడున్న గుమస్తాలు నవ్వారు.

మర్నాడు వడ్ల కొనుగోలు సెంటర్ దగ్గర లింబాద్రిని పట్టుకున్నాను. సంచుల మీద కూర్చుని చాయ తాగుతున్నాడు. ఆ సంచుల్లో కొన్ని నేను ఎత్తినవే.

"ఏరా, పిల్లల మీద ఒట్టేస్తివి గదరా?"

"కోపం జెయ్యకు బావా. రాళ్లు నాయే అంటే తండా మొత్తం నా మీదికొస్తది. రేపు నాట్లకెవ్వరొస్తరు? నీదేమున్నది, సర్కార్ బండి. సర్కారే కడతది."

"కట్టకపోతే?"

"నీకు నౌకరి ఉన్నది. నాకేమున్నది?"

చుట్టూ జనం ఉన్నారు. నేను చెయ్యి ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఇప్పుడు కొంచెం నిద్రపట్టేదేమో.

భూమక్క ఒక్కతే వాళ్ల ఊరికి పోయి తమ్ముణ్ని అడిగింది. తిరిగొచ్చి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "వాడు భయపడ్డడు, అంతే" అంది. "నేను భయపడలేదా?" అన్నాను. అన్నం గిన్నె నా ముందుకు జరిపి లేచిపోయింది.

తాఖీదు వచ్చింది. అజాగ్రత్తగా నడిపినట్టు రుజువైందట. మొత్తం నేనే కట్టాలట. జీతంలో కోయమని బతిమాలితే, సస్పెన్షన్‌లో ఉన్నవాడి సగం జీతంలో ఏం కోస్తామన్నారు. మేడంను కలిశాను. "నీకు చెప్పిన గదా సిద్దిరాములూ" అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టింది. "ఆ ఒక్క ఫొటో ఉంటే నేను కొట్లాడేదాన్ని" అని మాత్రం అంది.

ఇప్పుడు నన్ను మళ్లీ తీసుకున్నారు గాని జీపు ఇవ్వలేదు. ఆఫీసులో తలుపు దగ్గర కూర్చుంటున్నాను. కొత్త డ్రైవర్లు అడిగితే చెప్తాను: దెబ్బ తగిలినవాణ్ని చూడు, ఆఫీసుకు చెప్పు, పోలీసులు వచ్చేదాకా రాయి కూడా ముట్టకు. ముఖ్యంగా సుట్టం వస్తే దూరం నిలబెట్టు.

ఆ డబ్బులు కట్టడానికి మా భూమి అమ్మక తప్పలేదు. అమ్ముతున్నామని తెలిసి లింబాద్రే ఇంటికి వచ్చాడు. పరాయివాళ్లకు పోవడమెందుకు, నేనే కొంటాను, ధర మంచిగా ఇస్తాను అన్నాడు. నిజంగానే మంచి ధర చెప్పాడు. జవాబు భూమక్కకే వదిలేశాను, ఆమె తమ్ముడు కదా అని.

భూమక్క చాయ తెచ్చి వాడి ముందు పెట్టింది.

"తాగు తమ్మీ. తాగి పో. భూమి మాట తియ్యకు."

"అక్కా, బయటోడు గింత ఇయ్యడే!"

"ఇయ్యకపోనీ."

కామారెడ్డిలో విత్తనాల దుకాణం నడిపే దివాకర్‌కు తక్కువకే రాసిచ్చాం. వేలిముద్ర వేసి బయటికి వచ్చాక భూమక్క కొంగుతో తన వేలు తుడుచుకుంటూనే ఉంది. పోయింది ఎల్లారెడ్డి శివారులో కాలువ పక్కన, రెండు పంటలకు నీళ్లు పారే నల్లరేగడి, పదహారు గుంటలు.